వీసీపీయూ పెంచితే మెమొరీ ఎందుకు తరుగుతుంది?

మా మేనల్లుడు అమీర్‌పేటలో క్లౌడ్ కోర్సు చేస్తున్నాడు. మైత్రీవనం పక్క సందులో ఇన్‌స్టిట్యూట్, ఎస్ఆర్ నగర్‌లో హాస్టల్. పోయిన ఆదివారం మధ్యాహ్నం నేను అన్నం తిని నడుం వాల్చానో లేదో ఫోన్ చేశాడు.

"మామయ్యా, నేను మెమొరీ జోలికే పోలేదు. వీఎంకి రెండు వీసీపీయూలు ఉంటే ఎనిమిది చేశానంతే. ఆన్ చేస్తుంటే మెమొరీ చాలదంటోంది. సీపీయూ పెంచితే మెమొరీకేం సంబంధం?"

వీఎం అంటే వర్చువల్ మెషిన్, అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టే ఉత్తుత్తి కంప్యూటర్. వీసీపీయూ దానికిచ్చే ఉత్తుత్తి సీపీయూ. వాడు ల్యాబ్ మెషిన్‌ని గొంతుదాకా నింపేసి పెట్టుకున్నాడు, అది వేరే సంగతి. ప్రశ్న మాత్రం మంచిది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నన్నెవరైనా ఇదే అడిగి ఉంటే నీళ్లు నమిలేవాణ్ణి. వీఎంకి మెమొరీ అనగానే అందరూ గెస్ట్ దగ్గర వాడకుండా ఉన్న ర్యామ్‌ని వెనక్కి లాగే బెలూన్ గురించి, ఒకేలాంటి పేజీలను కలిపేయడం గురించి చెబుతారు. ఆ మాటలన్నీ గెస్ట్‌కి, అంటే వీఎం లోపల నడిచే సిస్టమ్‌కి, కనిపించే ర్యామ్ గురించినవి. మావాడు తగులుకున్నది గెస్ట్‌కి ఎప్పటికీ కనిపించని మెమొరీ. దాన్ని ఎవరు ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి అన్న దగ్గరే హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) రాసేవాళ్లకు సగం తలనొప్పి.

ముందు వీసీపీయూ అంటే ఏంటో తేల్చుకుందాం. అసలు సీపీయూ ఒక సిలికాన్ ముక్క, రిజిస్టర్లు (చేతిలో ఉన్న లెక్క పెట్టుకునే చిన్న అరలు) దాని లోపలే ఉంటాయి. వర్చువల్ సీపీయూకి ఒళ్లు లేదు. కాసేపు అసలు సీపీయూ మీద ఎక్కి నడుస్తుంది, వంతు అయిపోగానే ఎక్కడిదాకా వచ్చిందో రాసిపెట్టుకుని దిగిపోతుంది. మళ్లీ వంతు వచ్చినప్పుడు ఆ రాతలు చూసుకుని అక్కడినుంచే మొదలుపెడుతుంది. ఆ రాతలు ఉండే చోటునే మనం వీసీపీయూ అంటున్నాం. పేరులో సీపీయూ ఉన్నా సరుకంతా మెమొరీయే.

ఆ రాతల్లో ఏముంటాయి? ఇంటెల్ 2005లో వర్చువలైజేషన్‌ని ప్రాసెసర్‌లోకే తెచ్చినప్పటినుంచి ప్రతి వీసీపీయూకి వీఎంసీఎస్ అనే ఒక పేజీ (మెమొరీని పంచే ముక్క, మామూలుగా 4 కేబీ) కేటాయించాలి. 4 కేబీకి మించదు, 4 కేబీ హద్దు మీదే మొదలవ్వాలి. దానిలోపల ఏ వివరం ఏ మూల ఉందో ఇంటెల్ బయటపెట్టదు. చదవాలన్నా రాయాలన్నా వీఎంరీడ్, వీఎంరైట్ అనే రెండు ఆదేశాలే దిక్కు. దాని పక్కన, ఏ ఎంఎస్ఆర్ రిజిస్టర్లను (ప్రాసెసర్ సెట్టింగులు ఉండేవి) గెస్ట్ నేరుగా ముట్టుకోవచ్చో చెప్పే పటం మరో 4 కేబీ. ఇంటరప్ట్ కంట్రోలర్ (పరికరాల పిలుపులను సీపీయూకి అందించేది) వేషం వేసే పేజీ ఇంకో 4 కేబీ. గెస్ట్ ఏ పేజీలు మార్చిందో లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న వీఎంని ఇంకో మెషిన్‌కి మార్చడం) కోసం రాసుకునే లాగ్ వాడితే దానికీ ఒక పేజీ, అందులో 512 గళ్లు. లైనక్స్ హైపర్‌వైజర్ కేవీఎంలో అయితే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), వీఎంని నడిపే ప్రోగ్రామ్ క్యూఎము కలిసి చూసుకునే కేవీఎం రన్ పేజీ ఒకటి. క్యూఎములో ప్రతి వీసీపీయూ ఒక థ్రెడ్ కాబట్టి హోస్ట్ (వీఎంలను మోసే అసలు మెషిన్) కెర్నెల్‌లో దానికో 16 కేబీ స్టాక్.

ఇక ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ లెక్కల) రిజిస్టర్లు. ఒకప్పుడు ఇవి అరకేబీ సరుకు. ఒకేసారి బోలెడు అంకెలు లెక్కించే ఏవీఎక్స్-512 వచ్చాక రెండున్నర కేబీ దాటాయి. ఏఎంఎక్స్‌తో మాత్రిక లెక్కల కోసం ఒక్కసారిగా 8 కేబీ టైల్ డేటా వచ్చి పడింది. అందరికీ ఇంత కేటాయిస్తే దండగ అని లైనక్స్ దీనికి ఒక నియమం పెట్టింది. ఏఎంఎక్స్ కావాలంటే ప్రోగ్రామ్ ముందుగా అనుమతి అడగాలి. వీఎం తరఫున క్యూఎము కూడా అడగాల్సిందే. అడగనివాళ్లకు ఆ చోటే ఉండదు.

ఇవన్నీ కూడినా కొన్ని పదుల కేబీలు. ఇంత చిల్లరకే మావాడి మెషిన్ మొండికేసిందా? లేదు, హైపర్‌వైజర్లు చిల్లర లెక్కన అడగవు. జెన్ అనే హైపర్‌వైజర్‌నే చూడండి. గెస్ట్ పేజీ టేబుళ్ల (ఏ చిరునామా అసలు మెమొరీలో ఎక్కడుందో చెప్పే పట్టికల) పని కోసం ఎంత పక్కన పెట్టాలో దాని కాన్ఫిగరేషన్ పత్రంలోనే రాసి ఉంటుంది. మనమేమీ చెప్పకపోతే ఒక్కో వీసీపీయూకి 1 ఎంబీ, గెస్ట్ ర్యామ్‌లో ప్రతి ఎంబీకి 8 కేబీ. 4 జీబీ, రెండు వీసీపీయూల వీఎంకి 34 ఎంబీ. వీఎంవేర్ వాళ్ల హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐ పాత పత్రాల్లో ఒక నమూనా పట్టిక ఉండేది. 4 జీబీ గెస్ట్‌కి ఒక వీసీపీయూతో సుమారు 49 ఎంబీ ఓవర్‌హెడ్ (గెస్ట్ ర్యామ్ కాక పైఖర్చు), ఎనిమిదితో సుమారు 77 ఎంబీ. అంటే ఒక్కో వీసీపీయూ దాదాపు 4 ఎంబీ తింటోంది. పైగా ఈఎస్ఎక్స్ఐ ఈ ఓవర్‌హెడ్‌ని వీఎం ఆన్ చేయకముందే రిజర్వ్ చేసుకుంటుంది. హామీ దొరక్కపోతే వీఎంని లేవనివ్వదు. మావాడికి వచ్చిన ఎర్రర్ ఇదే.

ఇంత ముందుజాగ్రత్త దేనికో కెర్నెల్ లోపలికి వెళ్తే తెలుస్తుంది.

లైనక్స్ కెర్నెల్‌లో మెమొరీ అడిగే తీరులు రెండు. ఒకటి తీరిగ్గా అడగడం. ఖాళీ లేకపోతే అడిగినవాణ్ణి నిద్రపుచ్చి, ఎవరివో పేజీలు డిస్క్‌కి తోసి, చోటు చేసి, అప్పుడు లేపుతుంది. రెండోది నిలబడ్డ పాటున అడగడం. ఉంటే ఇస్తుంది, లేకపోతే లేదంటుంది. స్పిన్‌లాక్ (ఒక్కరికే చిక్కే తాళం, మిగతావాళ్లు తిరుగుతూ కాచుకోవాలి) లాంటిది పట్టుకుని ఉన్నవాడికి మొదటి దారి మూసుకుపోతుంది. లాక్ చేతిలో ఉంచుకుని నిద్రపోతే, ఆ లాక్ కోసం కాచుక్కూర్చున్న సీపీయూలన్నీ గిరగిరా తిరుగుతూనే ఉంటాయి.

ఇప్పుడు గెస్ట్ మొదటిసారి ఒక పేజీని ముట్టుకుందనుకోండి. దానికి చిరునామా ఇంకా లేదు. ప్రాసెసర్ ఆగి కేవీఎంని పిలుస్తుంది. కేవీఎం లాక్ పట్టుకుని పేజీ టేబుల్‌లో కొత్త ఎంట్రీ రాయాలి. రాయబోతే ఆ కొమ్మలో టేబులే లేదు, టేబుల్ కోసం కొత్త పేజీ కావాలి. లాక్ చేతిలో ఉంది, నిద్రపోకూడదు. ఎలా?

మిర్చి బజ్జీల బండివాణ్ణి చూశారు కదా. నూనె కాగాక ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టడు. పిండి కలిపి, మిరపకాయలు చీల్చి, ఉల్లిపాయలు తరిగి గిన్నెల్లో పెట్టుకున్నాకే పొయ్యి వెలిగిస్తాడు. కేవీఎం చేసేదీ అదే. ప్రతి వీసీపీయూకి చిన్న చిన్న నిల్వలు కట్టి ఉంచుతుంది. లాక్ పట్టుకోబోయే ముందు, నిద్రపోయినా ఫర్వాలేని సమయంలో, వాటిని నింపుకుంటుంది. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ తరహా) ప్రాసెసర్లలో ఒక్కో నిల్వకు మామూలుగా 40 వస్తువులు. లాక్ పట్టుకున్నాక చేయి చాచి తీసుకోవడమే. ఇందులో నాకు నచ్చే సంగతి ఇంకోటుంది. మెమొరీ దొరకని రోజున కూడా ఆ వైఫల్యం పని మొదలవక ముందే బయటపడుతుంది. సగం రాసిన టేబుల్‌ని చెరపాల్సిన దుస్థితి రాదు.

కేవీఎంకి ఒక అదృష్టం ఉంది. 2007లో లైనక్స్ 2.6.20తో కెర్నెల్‌లోకి వచ్చేసింది కాబట్టి అది సొంతింట్లోనే ఉన్నట్టు. లైనక్స్ మెమొరీ కేటాయింపు యంత్రాంగమంతా చేతికందేంత దూరంలో ఉంటుంది. ఆ ఇంట్లో లేని హైపర్‌వైజర్ సంగతేంటి?

హైపర్-వి ఆ కోవది. మైక్రోసాఫ్ట్ 2008లో విడుదల చేసిన ఈ హైపర్‌వైజర్ హార్డ్‌వేర్ మీద నేరుగా కూర్చుంటుంది. దాని మీద రూట్ పార్టిషన్ అని ఒక పెద్ద దిక్కు నడుస్తుంది. అక్కడ విండోస్ ఉండవచ్చు, ఈ మధ్య లైనక్స్ కూడా ఉంటోంది. యంత్రంలోని మెమొరీలో ఎక్కువ భాగం రూట్ అధీనంలోనే ఉంటుంది. కొత్త వీసీపీయూ చేసిపెట్టమని రూట్ హైపర్‌కాల్ (హైపర్‌వైజర్‌కి పెట్టే పిలుపు) చేస్తుంది. హైపర్‌వైజర్ దగ్గర ఆ వీఎం పేరు మీద సరిపడా పేజీలు లేకపోతే అది ఎక్కడా వెతుక్కోదు. మెమొరీ చాలదని ఒక కోడ్ తిప్పి పంపుతుంది. అప్పుడు రూట్ తన మెమొరీలోంచి కొన్ని పేజీలు తీసి డిపాజిట్ చేసి, మళ్లీ అడుగుతుంది. మళ్లీ చాలదంటే మళ్లీ డిపాజిట్.

ఇది అచ్చం ఫంక్షన్ హాల్లో పెళ్లి వంట. వంటమేస్త్రీ గరిటెలతో, మనుషులతో వస్తాడు తప్ప బియ్యం, నూనె తేడు. చిట్టా ఇస్తాడు, సరుకు పెళ్లివారే తెచ్చి పోయాలి. నడిమధ్యలో "నూనె అయిపోయింది సార్" అంటే ఎవరో ఒకరు బండి తీసుకుని కిరాణా కొట్టుకి పరుగెత్తాలి. ఆ పరుగు తప్పాలంటే ముందే కాస్త మీదుగా తెచ్చి పెట్టాలి. ఎంత మీదుగా? అది తెలిసిన బాబాయి ఒకాయన ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. "అయిదొందల మందికి ఇన్ని బస్తాలు" అంటాడు. ఎలా తెలుసు బాబాయ్ అంటే "తెలుసంతే" అంటాడు.

ఆ బాబాయి లైనక్స్ సోర్స్‌లోనూ ఉన్నాడు. రూట్ పార్టిషన్‌గా లైనక్స్ నడవడానికి 2021లో కెర్నెల్‌లో చేరిన కోడ్‌లో వీసీపీయూ సృష్టించే ఫంక్షన్ చూడండి. హైపర్‌కాల్ చేయకముందే ఆ వీఎం పేరు మీద 90 పేజీలు డిపాజిట్ చేస్తుంది. ఎందుకు 90? ఈ అంకె అనుభవం మీద తేలింది, మారవచ్చు అని పక్కనే ఒక వ్యాఖ్య. 90 పేజీలంటే 360 కేబీ. అదీ చాలకపోతే ఒక్కొక్క పేజీ చొప్పున డిపాజిట్ చేస్తూ, ఒప్పుకునేదాకా లూప్‌లో తిరుగుతుంది. ఒక హైపర్‌కాల్‌లో గరిష్ఠంగా 511 పేజీలే ఇవ్వగలం. ఇందులో మాత్రం బాబాయి ప్రమేయం లేదు, శుద్ధమైన లెక్క. మాట చేరవేసే పేజీ 4,096 బైట్లు, ఎవరి పేరు మీదో చెప్పడానికి 8 బైట్లు పోతే మిగిలిన చోటులో ఎనిమిదేసి బైట్ల చిరునామాలు సరిగ్గా 511 పడతాయి.

ఈ పద్ధతి మొదటిసారి చదివినప్పుడు నాకు మోటుగా అనిపించింది. అడగడం, కాదనిపించుకోవడం, ఒక పేజీ ఇవ్వడం, మళ్లీ అడగడం... ఇదేం ఇంజినీరింగ్ అనుకున్నాను. తర్వాత అభిప్రాయం మారింది. హైపర్‌వైజర్ ఎంత చిన్నగా ఉంటే అందులో తప్పులు అంత తక్కువ. మెమొరీ కరువులో ఎవరి పేజీ లాక్కోవాలి, ఎవరిని వదిలేయాలి అన్నవి పెద్ద రాజకీయాలు. వాటి కోసం రూట్‌లో ఆరితేరిన ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి ఉండగా, కింద ఇంకోటి రాయడం దేనికి? పైగా ఎవరి వీఎం కోసం ఇచ్చిన సరుకు వాళ్ల పొయ్యి మీదే ఉంటుంది. ఒకరి పెళ్లి నూనెతో ఇంకొకరి గారెలు వేగవు. లోటు కూడా ఉంది, దాచేదేం లేదు. లోపల ఎంత ఖర్చవుతుందో ఇచ్చేవాడికి తెలియదు కాబట్టి 90 లాంటి అంకెలు పుడతాయి. హైపర్‌వైజర్ వెర్షన్ మారితే ఆ అంకె చాలకపోవచ్చు, ఎక్కువా కావచ్చు.

డిపాజిట్ చేశాక ఆ పేజీలను రూట్ ముట్టుకోకూడదు. స్టోర్ రూమ్ తాళం మేస్త్రీ మొలలోకి వెళ్లినట్టే. పొరపాటున ముట్టుకుంటే హార్డ్‌వేరే అడ్డుపడుతుంది. ఈ ఒక్క మెలిక వల్ల పద్ధతి ఇంకా చాలా చోట్లకు పాకింది. ఆండ్రాయిడ్ 13 నుంచి కొన్ని ఫోన్లలో ఉన్న పీకేవీఎం అనే హైపర్‌వైజర్ హోస్ట్ లైనక్స్‌ని నమ్మదు, కానీ వీసీపీయూ పేజీలు దానిచేతే దానం చేయించుకుంటుంది. ఇంటెల్ టీడీఎక్స్ అనే రక్షణ ఏర్పాటులో రహస్య వీఎంల వీసీపీయూకి పేజీలిచ్చేది హోస్టే, ఇచ్చాక అందులో ఏముందో దానికి కనిపించదు. నమ్మకం లేనివాడి దగ్గర సరుకు తీసుకోవచ్చు, వంటగదిలోకి మాత్రం రానివ్వక్కర్లేదు.

సరుకు ఉండడం ఒకటి, పక్కపక్కన ఉండడం ఇంకొకటి. సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కితే బోగీలో మూడు సీట్లు ఖాళీగానే ఉంటాయి, కానీ ఒకటి ఆ చివర, ఒకటి ఈ చివర. ముగ్గురు స్నేహితులు కలిసి కూర్చోలేరు. ఏఎండీ ప్రాసెసర్లలో ఎంఎస్ఆర్ పటానికి వరసగా రెండు పేజీలు, ఐ/ఓ పటానికి (గెస్ట్ ఏ పరికరాల పోర్టులను ముట్టుకోవచ్చో చెప్పేది) వరసగా మూడు పేజీలు కావాలి. నెలల తరబడి నడిచిన సర్వర్‌లో జీబీల కొద్దీ ఖాళీ ఉన్నా అది తునాతునకలుగా ఉంటుంది. అందుకే కేవీఎం ఐ/ఓ పటాన్ని మాడ్యూల్ లోడ్ అయ్యేటప్పుడే ఒక్కసారి తీసుకుని అన్ని వీఎంలకూ అదే వాడుతుంది. రెండు పేజీల ఎంఎస్ఆర్ పటం మాత్రం వీసీపీయూకి ఒకటి తప్పదు.

ఇక ఎక్కడ అన్న ప్రశ్న. రెండు సాకెట్ల (ప్రాసెసర్ కూర్చునే చోట్ల) సర్వర్‌లో మెమొరీ కూడా రెండు భాగాలు, ఏ సాకెట్ ర్యామ్ ఆ సాకెట్‌కి దగ్గర. లైనక్స్‌లో న్యూమాసీటీఎల్ అనే ఆదేశంతో చూస్తే సొంత మెమొరీ దూరం 10 అని, అవతలిది చాలా సర్వర్లలో 20, 21 అని కనిపిస్తుంది. ఉప్పల్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో ఆఫీసు ఉన్నవాళ్లకు ఇంతకంటే వివరించక్కర్లేదు.

నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఒక డేటాబేస్ వీఎం ఇలాగే ఏడిపించింది. లోడ్ లేదు, డిస్క్ ఖాళీ, అయినా నెమ్మది. రెండు రోజులు గెస్ట్ లోపలే వెతికాం. తీరా చూస్తే మా స్క్రిప్ట్ ముందు వీఎంని లేపి, తర్వాత వీసీపీయూ థ్రెడ్లను రెండో సాకెట్‌కి కట్టేస్తోంది. లేచేటప్పుడు థ్రెడ్లు మొదటి సాకెట్ మీద ఉన్నాయి కాబట్టి వీసీపీయూల నిర్మాణాలు, గెస్ట్ ర్యామ్‌లో పెద్ద భాగం అక్కడే కేటాయింపయ్యాయి. లైనక్స్ తప్పేం లేదు. అడిగినవాడు అప్పుడు ఎక్కడున్నాడో అక్కడే ఇస్తుంది, ముందు ముందు ఇల్లు మారతాడని దానికేం తెలుసు? ముందు కట్టి, తర్వాత లేపేలా స్క్రిప్ట్‌లో రెండు వరసలు అటూఇటూ మార్చాం. ఆ రెండు వరసల కోసం ఒక వీకెండ్ పోయింది.

పేజీ టేబుళ్ల గురించి కొంచెం చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే ఇప్పటి హార్డ్‌వేర్‌లో అవి వీసీపీయూ ఖాతాలోవి కాదు, మొత్తం వీఎంవి. 4 జీబీ గెస్ట్‌ని 4 కేబీ పేజీలతో పరిస్తే హైపర్‌వైజర్ వైపు టేబుళ్లకే దాదాపు 8 ఎంబీ పోతుంది. అదే 2 ఎంబీ పెద్ద పేజీలతో అయితే ఆరు పేజీలు, 24 కేబీ. చిరునామా వెతికే శ్రమలోనూ తేడా ఉంది. గెస్ట్ టేబుళ్లు నాలుగు అంచెలు, హైపర్‌వైజర్ టేబుళ్లు నాలుగు అంచెలు అయితే ఒక్క చిరునామా కోసం 24 సార్లు మెమొరీ దగ్గరికి వెళ్లాల్సి రావచ్చు. గెస్ట్ టేబుల్ ఉన్న చిరునామా కూడా ఉత్తుత్తి చిరునామాయే, దాన్నీ తర్జుమా చేసుకోవాలి మరి.

బిల్లు సంగతి. ఈ మెమొరీ అంతా కెర్నెల్ తీసుకుంటుంది, కానీ ఖర్చు ఎవరిది? చాలాకాలం కేవీఎంలో ఇది చాలావరకు ఎవరి ఖాతాలోనూ పడేది కాదు. ఒక కంటైనర్‌కి (ప్రోగ్రామ్‌ని విడిగా ఉంచే పెట్టెకి) 2 జీబీ పరిమితి పెట్టినా, దానిలోని వీఎం కోసం కెర్నెల్ చేసే కేటాయింపులు ఆ లెక్కలోకి వచ్చేవి కావు. 2019లో ఈ కేటాయింపులను, వీఎం నడిపే ప్రాసెస్ ఏ సీగ్రూప్‌లో (లైనక్స్ ఖర్చు లెక్కపెట్టే ప్రాసెస్‌ల గుంపు) ఉందో దాని ఖాతాలో రాయడం మొదలుపెట్టారు. అద్దెకిచ్చే క్లౌడ్‌లో ఇది చిన్న విషయమేం కాదు. హైదరాబాద్‌లోనే 2022 నవంబర్‌లో అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ ఒక రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) తెరిచింది. వాళ్ల నైట్రో హైపర్‌వైజర్ కేవీఎం పునాది మీద కట్టిందే. ఒకే ఇనుము మీద ఎవరెవరివో వీఎంలు నడిచేచోట లెక్కలో లేని ఖర్చు పక్కింటివాడి నెత్తిన పడుతుంది.

చివరికి అన్నీ వెనక్కి తీసుకోవాలి. ఎనిమిది వీసీపీయూల్లో ఆరు తయారై ఏడోదానికి మెమొరీ దొరక్కపోతే, తీసుకున్నవన్నీ తీసుకున్న వరసకు తిరగేసి వదలాలి. కెర్నెల్ కోడ్‌లో ఇలాంటి ఫంక్షన్ల అడుగున మెట్లుమెట్లుగా లేబుళ్లు (పని చెడితే దూకాల్సిన చోటు చెప్పే గుర్తులు) కనిపించేది అందుకే. హైపర్-విలో అయితే వీఎంని చెరిపేటప్పుడు దాని పేరు మీదున్న పేజీలను రూట్ విత్‌డ్రా చేసుకోవాలి. ఎవరైనా ఆ పిలుపు మరిచిపోతే ఆ పేజీలు మేస్త్రీ దగ్గరే ఉండిపోతాయి. రూట్ వాటిని వాడుకోలేదు, రీబూట్ అయ్యేదాకా ఎవరికీ అక్కరకు రావు. వెనక్కి వచ్చిన పేజీని తుడవకుండా ఇంకొకరికి ఇస్తే మరో ప్రమాదం. పాత వీసీపీయూ రిజిస్టర్లలో ఎవరి ఎన్‌క్రిప్షన్ కీ ఉండిపోయిందో!

ఇదంతా ఫోన్లో చెబుతుంటే మావాడు మధ్యలో కీబోర్డు టకటకలాడించడం వినపడుతూనే ఉంది. "నాలుగు చేశా మామయ్యా, లేచింది" అన్నాడు. అసలు ఎనిమిది ఎందుకు పెట్టావురా అని అడిగాను. పక్క బెంచీవాడు ఎనిమిది పెట్టాడట.